ప్రార్థన చేస్తూనే ఉన్నా ఈ అలవాటు వదలట్లేదు. నేను అసలు రక్షింపబడ్డానా?

అలసిన_గాయకుడు
ఈ మాట ఇంతవరకు ఏ మనిషితోనూ అనలేదు. ఇంటర్ చదివేటప్పుడు మొదలైంది అశ్లీల వీడియోలు చూడటం. బాప్తిస్మం తీసుకున్నాక పోతుందనుకున్నా. కొన్నాళ్లు నిజంగానే పోయింది. తర్వాత మునుపటికంటే గట్టిగా పట్టుకుంది. ఆదివారం ఆరాధనలో పాట నడిపిస్తాను. అదే వారంలో ఏదో ఒక రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ తెరుస్తాను. అయిపోయాక ఏడుపు, మోకాళ్లు, "ప్రభువా, ఇదే ఆఖరు" అని మాట ఇవ్వడం. ఆ మాట నిలబడదు.

ఉపవాసం ఉన్నాను. యాప్‌లు తీసేశాను, మళ్లీ వేశాను. రోమా 7:19లో "నేను చేయగోరు మేలుచేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అన్నది నన్ను చూసి రాసినట్టే ఉంటుంది. 1 యోహాను 3:8కి వస్తే "పాపము చేయువాడు అపవాది సంబంధి" అని ఉంది. ఈ రెండింట్లో నేను ఏ వచనంలో ఉన్నట్టు? ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో) పాలు పొందాలంటే వణుకు వస్తోంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. పెళ్లయితే ఇవన్నీ వాటంతటవే పోతాయని కుర్రాళ్ల మాటల్లో విన్నాను. నిజమేనా?

నడిచేవాడు
పెళ్లితో పోదు తమ్ముడూ. నాది పోలేదు. మిగతాది తర్వాత రాస్తా, ఇది మాత్రం ముందే చెప్పాలనిపించింది.

బెరయ_విశ్వాసి
కృప, కృప అంటూ పాపం మీద దుప్పటి కప్పే రోజులివి, అందుకే సూటిగా చెబుతున్నాను. "నీ కుడికన్ను నిన్ను అభ్యంతరపరచినయెడల దాని పెరికి నీయొద్దనుండి పారవేయుము" అన్నది ప్రభువే. స్మార్ట్‌ఫోన్ వదిలేయండి. పాట నడిపించడం ఈ వారమే ఆపండి. ఉపవాసంతో దేవుని సన్నిధిలో కనిపెట్టండి. ఆయన ఒక్క రాత్రిలో విడిపించగలడు. విడుదల రాలేదంటే ఇంకా ఆ పాపాన్ని ప్రేమిస్తున్నట్టే.

ద్రాక్షావల్లి
బెరయ గారూ, మీ ఆఖరి వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఈ తమ్ముడు పాపాన్ని ప్రేమించి ఇక్కడికి రాలేదు, దానితో పోరాడి అలిసిపోయి వచ్చాడు. ప్రేమించేవాడు ఇలాంటి ప్రశ్న అడగడు.

తమ్ముడూ, నువ్వు రాసిన మొదటి వాక్యమే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది: ఏ మనిషితోనూ అనలేదు అన్నావు. దేవునితో ఎన్నోసార్లు అన్నావు, నీతో నువ్వు అనుకున్నావు. మూడో చెవి లేదు. నేనూ అలాగే ఏళ్ల తరబడి నడిపాను. మా గదిలో నాకూ దేవునికీ మధ్య జరిగిపోయే ఒప్పందాలు తెల్లారేసరికి ఆవిరైపోయేవి. యాకోబు 5:16 చదివే ఉంటావు: "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి, మీరు స్వస్థతపొందునట్లు ఒకనికొరకు ఒకడు ప్రార్థనచేయుడి." క్షమాపణ కోసం 1 యోహాను 1:9 ఉంది, అది దేవుని దగ్గరే దొరుకుతుంది. ఇక్కడ యాకోబు చెబుతున్నది స్వస్థత గురించి, దాన్ని ఇంకో మనిషి ఉన్న చోట పెట్టాడు. నువ్వు పొందింది క్షమాపణ. ఇంకా అడగనిది ఈ రెండోది.

రక్షణ గురించి అడిగావు. నువ్వు భయపడుతున్న 1 యోహాను పత్రికలోనే 2:1 చూడు. "ఎవడైనను పాపము చేసినయెడల నీతిమంతుడైన యేసుక్రీస్తు అను ఉత్తరవాది తండ్రియొద్ద మనకున్నాడు." ఉత్తరవాది అంటే మన పక్షాన మాట్లాడేవాడు. ఇది అవిశ్వాసులకు రాసింది కాదు, "నా చిన్న పిల్లలారా" అని పిలిచి రాసింది. పాపంలో హాయిగా కాపురం పెట్టినవాడి గురించి 3వ అధ్యాయం. పడి లేస్తున్నవాడి గురించి ఈ వచనం.

పేరులేని_చెల్లి
ఇంతమంది "తమ్ముడూ" "బ్రదర్" అంటున్నారు కాబట్టి ఒక మాట. ఆడవాళ్లకీ ఇది ఉంటుంది. నాకు ఉంది. స్త్రీల కూటంలో కోపం గురించి, అసూయ గురించి, చాడీల గురించి ప్రార్థన అంశాలు చెబుతారు. ఇది మాత్రం మగవాళ్ల పాపం అన్నట్టు ఎవరూ ఎత్తరు. దాంతో ఆడదానివై ఉండి ఇదేంటి అని రెండింతల సిగ్గు. ఇక్కడ కూడా పేరు లేకుండానే రాస్తున్నాను.

ఎస్తేరు_సి
చెల్లీ, నువ్వు రాసినందుకు దేవునికి స్తోత్రం. ఇంకెందరో మౌనంగా చదువుతూ ఉంటారు, వాళ్లకి నీ నాలుగు ముక్కలు చాలు.

కీర్తన32
మానసిక ఆరోగ్య రంగంలో పని చేస్తాను, విశ్వాసిని కూడా. పై మాటలకు కొంచెం కలుపుతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ 11వ కూర్పులో అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను ఒక రుగ్మతగా గుర్తించారు. 2019లో ఆమోదం పొంది, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని వ్యసనాల కింద పెట్టలేదు, ప్రేరణలను అదుపు చేసుకోలేని రుగ్మతల కింద పెట్టారు. అమెరికా మానసిక వైద్యుల 2013 వర్గీకరణలో అయితే ఇది అసలు చేరలేదు. అంటే "వ్యసనం" అని మనం వాడుకగా అంటున్నా, దాని మీద వైద్యుల మధ్య ఇంకా వాదన ఉంది. ఇంకో సంగతి: అది తప్పు అనే బాధ ఒక్కటే ఉంటే ఆ రుగ్మత ఉన్నట్టు కాదని ఆ వర్గీకరణే చెబుతుంది. చాలాకాలంగా, సుమారు ఆరు నెలలు లేదా ఎక్కువ, ఆపాలని ప్రయత్నించినా ఆపలేకపోవడం, చదువు, పని, సంబంధాలు దెబ్బతింటున్నా అదే చేయడం చూస్తారు. కాబట్టి ఎప్పుడో ఒకసారి పడిన ప్రతి విశ్వాసీ తనకు రోగం ఉందని ముద్ర వేసుకోనక్కర్లేదు. నిజంగా పట్టు చిక్కినవాళ్లు కౌన్సిలర్ దగ్గరికి వెళ్లడం అవిశ్వాసమూ కాదు.

రోజూ ఒకే దారిన నడిస్తే పొలంలో కాలిబాట పడిపోతుంది చూడండి, మెదడులోనూ అలాగే అవుతుంది. ఒంటరితనం, ఒత్తిడి, విసుగు వచ్చినప్పుడల్లా ఒకే చోటికి వెళ్తే, తర్వాత ఆ విసుగు రాగానే కాలు అటే పోతుంది. ఆ బాట ఒక్క ప్రార్థనతో మాయం కాకపోవడం ప్రార్థన వినబడలేదనడానికి గుర్తు కాదు. కొత్త బాట నడిచే కొద్దీ పాతదాని మీద గడ్డి మొలుస్తుంది. దానికి కాలం పడుతుంది.

బెరయ_విశ్వాసి
పాపాన్ని రోగం అంటే పశ్చాత్తాపం ఎవరు పడతారు? దావీదు బత్షెబ విషయంలో మెదడులో బాట పడింది అనలేదు, "నేను పాపం చేశాను" అన్నాడు.

కీర్తన32
రోగం అంటే బాధ్యత లేదని కాదండీ. బీపీ ఉన్నవాడు ఉప్పు తగ్గించుకునే బాధ్యత తీసుకోడా? నేను కూడా పశ్చాత్తాపమే అంటున్నాను. ఆ పశ్చాత్తాపానికి కాళ్లూ చేతులూ ఉండాలంటున్నాను, అంతే.

తీతు_పెద్ద
దావీదు పేరు వచ్చింది కాబట్టి 2 సమూయేలు 11 మొదటి వచనం అందరూ ఒకసారి తెరవండి. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలం. సైన్యమంతా రబ్బా పట్టణం ముట్టడిలో ఉంది, ఈయన యెరూషలేములో ఉండిపోయాడు. సాయంత్రం పడక మీద నుంచి లేచి మిద్దె మీద తిరుగుతున్నాడు. అప్పుడు కనబడింది ఆ స్త్రీ. చేయాల్సిన పని లేదు, పక్కన తనను అడిగేవాడు లేడు, చేతిలో కావలసినంత అధికారం. తర్వాత ఆ పాపాన్ని దాచుకోవడానికి ఆమె భర్త ఊరియాను చంపించేదాకా వెళ్లాడు. దాచడం వల్లే ఒకటి రెండయింది. కడకు దేవుడు నాతాను అనే మనిషిని పంపాడు. నేరుగా కలలో చెప్పలేడా ఆయన? మనిషినే పంపాడు. ఇది ద్రాక్షావల్లి గారు చెప్పినదానికి కలిపి చదవండి.

నేను సంఘ పెద్దగా ఉన్నాను. మా దగ్గరికి ఇలాంటి బిడ్డలు వస్తుంటారు. కొన్ని చోట్ల పెద్దలు ఆ మాట ప్రసంగంలో ఉదాహరణగా వాడేశారని విన్నాను. అది ఘోరం. అందుకని ఎవరితో చెప్పాలో జాగ్రత్తగా ఎంచుకోండి. మీకంటే వయసులో పెద్ద, మీలాగే మగవాడు, నోరు అదుపులో ఉన్నవాడు, వేరేవాళ్ల రహస్యాలు మీ దగ్గర ఎప్పుడూ విప్పనివాడు అయ్యుండాలి.

నడిచేవాడు
తీతు గారి చివరి మాటకు ఆమేన్. "నీకొకటి చెప్తా, ఎవరికీ చెప్పకు" అనేవాడి దగ్గరికి అసలు వెళ్లకండి. మనదీ ఇంకొకడికి అలాగే చెబుతాడు.

అలసిన_గాయకుడు
అందరి మాటలూ రెండుసార్లు చదివాను. ఆరాధనలో పాడటం ఆపాలా వద్దా? ఆపితే ఎందుకని అందరూ అడుగుతారు. ఆపకపోతే వేషధారిలా ఉంది. ఒక్కసారి పడితే చాలు, ఎలాగూ చెడిపోయింది కదా అని ఆ వారమంతా పోతుంది. అదీ చెప్పాలనిపించింది.

కీర్తన32
నువ్వు చివర్లో రాసింది చాలామందికి జరుగుతుంది. మద్యం మానేసినవాళ్లలో ఈ తీరును అలాన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త 1980లలో వివరంగా రాశారు. ఒక్క గుక్క పడగానే "ఇక అంతా పోయింది, నేనింతే" అనుకుంటాడు, ఆ ఆలోచనే మిగతా సీసాను తాగిస్తుంది. ఒక్కసారి జారడం వేరు, వారమంతా పోవడం వేరు. ఈ రెండింటి మధ్యలో నువ్వు ఎంత త్వరగా లేస్తావన్నదే అసలు విషయం. "నీతిమంతుడు ఏడుమారులు పడినను తిరిగి లేచును" అని సామెతలు 24:16లో ఉంది. ఏడుసార్లు పడినా అతన్ని నీతిమంతుడనే పిలిచింది వాక్యం. పడ్డ గంటలోనే లేచి, అదే గంటలో ఆ మనిషికి ఫోన్ చెయ్యి. ఆదివారం దాకా ఆగకు.

ఆ కోరిక వచ్చినప్పుడు అది అలా పెరిగిపోతూనే ఉంటుందనిపిస్తుంది. అలా ఉండదు. ఒక ఎత్తుకు చేరి దిగుతుంది. దిగేదాకా గదిలోంచి బయటికి వచ్చి నడవడం, ఎవరితోనైనా మాట్లాడటం సరిపోతుంది చాలాసార్లు. యోసేపు తనను శోధించిన పోతీఫరు భార్య దగ్గర నిలబడి వాదించలేదు, వస్త్రం ఆమె చేతిలో వదిలేసి బయటికి పారిపోయాడు.

ద్రాక్షావల్లి
పాడటం గురించి: ఈ నిర్ణయం నువ్వొక్కడివే తీసుకోకు. నీ పాస్టర్ గారితోనో ఆ పెద్దతోనో చెప్పి, ఆయనను నిర్ణయించనివ్వు. కొన్నాళ్లు వెనక్కి కూర్చోమంటే కూర్చో, అది శిక్షలా తీసుకోకు. పాడమంటే పాడు. ఏదైనా సరే, ఇక దాపరికం ఉండదు.

బల్ల గురించి 1 కొరింథీ 11:28 పూర్తిగా చదువు. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." పరీక్షించుకుని వెనక్కి పొమ్మనలేదు, పరీక్షించుకుని తినమన్నాడు.

బెరయ_విశ్వాసి
ఆ వచనం తర్వాతి వచనం కూడా చదవాలి కదా. అపాత్రంగా తినడం చిన్న విషయం కాదు. అయితే పెద్దతో చెప్పి ఆయన చెప్పినట్టు చేయాలన్న మాటతో ఏకీభవిస్తున్నాను. నేను ఫోన్ వదిలేయమన్నది కూడా కోపంతో కాదు. ఈ పోరాటంలో ఉన్న నా సొంతవాడు ఒకడు మామూలు ఫోన్‌కి మారాకే ఊపిరి పీల్చుకున్నాడు.

నడిచేవాడు
ఫోన్ విషయంలో బెరయ గారి పక్షం నేను. అందరూ పూర్తిగా వదలలేకపోవచ్చు, పనులు దానిలోనే ఉంటాయి. కనీసం రాత్రి పడకగదిలోకి రాకూడదు. హాల్లో ఛార్జింగ్ పెట్టి పడుకో. అలారం కోసం గడియారం పెట్టుకో. బ్రౌజర్‌లో అడ్డుకట్టలు వేసి, పాస్‌వర్డ్ నీ స్నేహితుడి చేతిలో పెట్టు. నాకు తెలిసి ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి ఉన్న రోజే పడతాం. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానన్నప్పుడు దూత ముందు ఏం చేశాడు? తినిపించి మళ్లీ పడుకోనిచ్చాడు. ప్రసంగం తర్వాత.

ఇక పెళ్లి గురించి రాస్తానన్నాను. పెళ్లయిన కొత్తలో పోయినట్టే అనిపించింది. మొదటి గొడవ రాగానే తిరిగొచ్చింది. ఎందుకంటే నేను చూసేది శరీరం కోసం కాదు, గొడవ నుంచి పారిపోవడానికి. భార్య వచ్చినా ఆ పారిపోయే బుద్ధి నాతోనే ఉంది.

ఎస్తేరు_సి
నేను అవతలి వైపు నుంచి రాస్తాను. నా భర్త ఫోన్‌లో చూసిన రోజు కాళ్ల కింద నేల లేదు. తర్వాత ఎక్కువ బాధ పెట్టింది రెండు విషయాలు. ఒకటి, ఆయన ఒకేసారి చెప్పలేదు. నేను కనిపెట్టినంత వరకే ఒప్పుకునేవారు. ఇంకో వారం ఇంకొంచెం, మరో నెల మరికొంచెం. ప్రతిసారీ గాయం మళ్లీ మొదటినుంచి. రెండోది, ఒక పెద్దావిడ "నువ్వు సరిగ్గా చూసుకుంటే అలా వెళ్లేవాడా" అంది. నన్ను కలవక ముందే ఉన్న అలవాటు అది. భార్యల మీద ఈ నింద వేయకండి, దయచేసి.

ఇప్పుడు బాగానే ఉన్నాం. ఆయన ఇద్దరు సహోదరులతో వారం వారం కూర్చుంటారు. నాకు ఆయన ప్రతి శోధన వివరం చెప్పనక్కర్లేదు, నేను ఆయన పోలీసుని కాను. ఆ పని ఆ సహోదరులది. కానీ నేను అడిగితే అబద్ధం రాదు. నాకు నమ్మకం తిరిగొచ్చింది క్షమించమని అడిగినందుకు కాదు, అడగకుండానే నిజం చెప్పడం మొదలుపెట్టినందుకు.

తమ్ముడూ, నిశ్చితార్థం కాకముందే ఆ అమ్మాయికి చెప్పాలి.

జక్కయ్య_చెట్టు
అక్కా, ఇక్కడ నేను ఒప్పుకోను. మన ఇళ్లలో సంబంధం అంటే రెండు కుటుంబాలు. ఆ అమ్మాయి వాళ్ల అమ్మకు చెబుతుంది, అక్కడినుంచి అందరికీ చేరుతుంది. దేవుడు క్షమించినదాన్ని ఎందుకు తవ్వాలి?

ఎస్తేరు_సి
జరిగిపోయినదైతే ఆలోచించొచ్చు. ఇది నడుస్తున్నది. ఏం చూశాడో వివరాలు చెప్పమనట్లేదు. "నాకు ఈ పోరాటం ఉంది, ఫలానా పెద్దతో కలిసి దీని మీద నడుస్తున్నాను" అన్నంత చాలు. ఆ మాట విని వెనక్కి వెళ్తే ఆ అమ్మాయికి ఆ హక్కు ఉంది. నాకు ఆ హక్కు దొరకలేదు.

తీతు_పెద్ద
ఎస్తేరు గారి మాటే సరైనది. ఒక సవరణ: ముందు పెద్దతో నడక మొదలుపెట్టి, కొంత నిలకడ వచ్చాక సంబంధాల సంగతి చూడమని ఇంట్లో చెప్పు. "ఇప్పుడే వద్దు, కొంత సమయం కావాలి" అంటే చాలు, కారణం అందరికీ చెప్పనక్కర్లేదు.

ఒక్క రాత్రి విడుదల గురించి బెరయ గారు రాశారు. దేవుడు అలా చేయగలడు, చేసినవాళ్లనీ చూశాను. అందరికీ అలాగే చేస్తాడని మాత్రం అనలేం. తొలి శతాబ్దాల సంఘంలో పేరుపొందిన బోధకుడు అగస్టీను సంగతి చూడండి. కుర్రతనంలో "నాకు పవిత్రత ఇవ్వు, కానీ ఇప్పుడే వద్దు" అని ప్రార్థించేవాడినని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. 386లో మిలాన్‌లో ఒక తోటలో రోమా 13:13-14 చదివాక మార్పు వచ్చింది. అక్కడిదాకా చాలామందికి తెలుసు. ఆ తోటలో ఆయన ఒంటరిగా లేడు, అలీపియస్ అనే స్నేహితుడు ఉన్నాడు. తాను చదివిన వచనాన్ని అగస్టీను వెంటనే అతనికి చూపించాడు. అతను దాని కిందిది చదివాడు: "విశ్వాసము విషయమై బలహీనుడైన వానిని చేర్చుకొనుడి." ఇది నాకోసమే అన్నాడు. ఆ తర్వాత ఏళ్లకు, బిషప్ అయ్యాక, పాత అలవాట్ల చిత్రాలు నిద్రలో తనను ఇంకా వేధిస్తున్నాయని అగస్టీను అదే ఆత్మకథలో దాచకుండా రాశాడు.

పేరులేని_చెల్లి
బిషప్ అయ్యాక కూడానా. ఇది నాకెవరూ చెప్పలేదు.

ద్రాక్షావల్లి
కూటం గురించి ఎవరైనా అడుగుతారేమో, ముందే చెబుతున్నా. మద్యం మానేవాళ్ల కోసం 1935లో మొదలైన 12 మెట్ల సహవాసంలో (ఆల్కహాలిక్స్ అనానిమస్) అయిదో మెట్టు ఇదే: దేవునితో, నాతో, ఇంకో మనిషితో నా తప్పులు ఒప్పుకోవడం. ఆ తొలి గుంపులవాళ్లు యాకోబు పత్రికను బాగా చదివేవారు. 1970ల్లో అదే పద్ధతిలో లైంగిక వ్యసనం కోసం కూడా గుంపులు పుట్టాయి. ఆన్‌లైన్‌లో కలిసేవి ఉన్నాయి, స్త్రీలకు విడిగా జరిగేవీ ఉన్నాయి. చెల్లీ, నీకోసం రాస్తున్నా ఇది.

ఎస్తేరు_సి
చెల్లీ, అంతవరకు నాకు ఇక్కడే మెసేజ్ పెట్టు. పేరు చెప్పనక్కర్లేదు.

ఫిలేమోను (మోడరేటర్)
ఒక గమనిక. ఏ సైటు పేరూ, ఏం చూశారన్న వివరాలూ ఇక్కడ రాయొద్దు. ఒక పోస్టులో అలాంటి వాక్యం తీసేశాను. పోరాటంలో ఉన్నవాళ్లు ఇది చదువుతున్నారు.

జక్కయ్య_చెట్టు
ఎస్తేరు అక్క నాకిచ్చిన జవాబు చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మాయి వైపు నుంచి ఆలోచించలేదు.

అలసిన_గాయకుడు
ఇవాళ మా సంఘంలో ఒక పెద్దాయనకి ఫోన్ చేశాను. "మీతో ఒక విషయం మాట్లాడాలి, నా బలహీనత గురించి" అన్నాను. ఆయన ఏమిటని అడగలేదు, శనివారం సాయంత్రం రమ్మన్నారు. అక్కడికెళ్లి నోరు పెగలకపోతే? మొదటి వాక్యం ఏమనాలి?

నడిచేవాడు
కాగితం మీద రాసుకెళ్లు. నోరు రాకపోతే కాగితం ఆయన చేతికివ్వు. నేను అలాగే చేశాను.

తీతు_పెద్ద
నాకు అలా కాగితాలు ఇచ్చినవాళ్లు ఉన్నారు. ఒక్కరినీ తక్కువగా చూడలేదు. ఎప్పటినుంచి ఉంది, ఎంత తరచుగా, ఆఖరుసారి ఎప్పుడు, ఈ మూడూ రాయి. చిన్నది చేసి రాయకు.

బెరయ_విశ్వాసి
శనివారం సాయంత్రం మీకోసం ఉపవాస ప్రార్థనలో ఉంటాను బ్రదర్. ఎన్ని గంటలకో చెప్పండి.

అలసిన_గాయకుడు
ఆరు గంటలకి.